రాకపోవచ్చు, రాకూడదు: రాయచూరు తరగతిలో ఇంగ్లీషు 'మే', 'కెన్'

రాయచూరు జిల్లాలో తెలుగు ఇంట పుట్టి కన్నడ బడిలో చదివే పిల్లలకు ఇంగ్లీషు మూడో భాష. పట్నంలో పెరిగిన వాళ్ళలో చాలామందికి నాలుగోది, ఎందుకంటే వీధిలో దక్కనీ ఉర్దూ ముందే చెవిన పడి ఉంటుంది. ఆ ఇంగ్లీషులో కెన్, కుడ్, మే, మైట్ అని నాలుగు పొట్టి క్రియలు ఉన్నాయి. ఒక పని జరిగే వీలుందని చెప్పడానికీ, చేసుకొమ్మని అనుమతి ఇవ్వడానికీ ఇవే దిక్కు. స్పెల్లింగు సులువు, అర్థం ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు అన్నట్టు కనిపిస్తాయి. అయినా డిగ్రీ చదివినవాళ్ళు కూడా ఉత్తరం రాసేటప్పుడు వీటి దగ్గరే తడబడతారు. ఈ నాలుగు క్రియల గురించి పండితులు ఏం తేల్చారు, తెలుగు కన్నడాలు ఇదే పనిని ఎలా చేస్తున్నాయి, పొరపాట్లు ఎక్కడ పుడుతున్నాయి, బోధన పద్ధతులు ఎంతవరకు అక్కరకొచ్చాయి అన్నవి వరుసగా చూద్దాం. చివరికి నేను చెప్పదలచుకున్నది ఒకటే: ఈ పాఠాన్ని 'అవును' దగ్గర కాదు, 'కాదు' దగ్గర మొదలుపెట్టాలి.

ఎవరీ పిల్లలు

కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న సీమ రాయచూరు. 1956 నవంబరు 1న మైసూరు రాష్ట్రంలో కలిసేదాకా హైదరాబాదు రాష్ట్రంలో భాగం. తూర్పు హద్దు దాటితే గద్వాల, నారాయణపేట ప్రాంతాలు. తుంగభద్ర దాటితే మంత్రాలయం, కర్నూలు సీమ. హద్దు వెంబడి ఊళ్ళలో తరాలుగా తెలుగు వాడుకలో ఉంది. 1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తయి ఎడమ కాలువకు నీళ్ళొచ్చాక కోస్తా ఆంధ్ర నుంచి రైతు కుటుంబాలు వచ్చి సింధనూరు, మాన్వి వైపు భూములు కొని వరి వేశాయి. వాళ్ళు కట్టుకున్న ఊళ్ళను ఇప్పటికీ 'క్యాంపు' అనే పిలుస్తారు. ఇలా జిల్లాలో రెండు రకాల తెలుగు ఉంది: కన్నడంతో కలిసి పెరిగిన సరిహద్దు తెలుగు, కోస్తా నుంచి తెచ్చుకున్న క్యాంపు తెలుగు. ఇద్దరి పిల్లలూ బడిలో కన్నడం చదువుతారు. ఇద్దరికీ శక్తినగర్ థర్మల్ కేంద్రంలోనో, హట్టి బంగారు గనుల్లోనో, బెంగళూరు కంపెనీలోనో ఉద్యోగం కావాలంటే ఇంగ్లీషు దరఖాస్తు తప్పదు.

ఈ జిల్లా భవిష్యత్తే ఒక 'మే' మీద నిలబడి ఉంది. 2012 నాటి 98వ సవరణతో రాజ్యాంగంలో చేరిన 371జె అధికరణం అప్పటి హైదరాబాదు-కర్ణాటక ప్రాంతానికి చదువులోనూ కొలువులోనూ ప్రత్యేక ఏర్పాట్లకు దారి తీసింది. రాష్ట్రపతి ఉత్తర్వు ద్వారా ఆ ఏర్పాట్ల ప్రత్యేక బాధ్యతను గవర్నరుకు అప్పగించవచ్చు అని దాని మొదటి వాక్యం. ఆంధ్ర పాఠకులకు తెలిసిన 371డి కూడా అదే తీరు. అక్కడి 'మే' వాన రావచ్చు అన్నప్పటి అనుమానం కాదు, బయటికి వెళ్ళవచ్చు అన్నప్పటి అనుమతి కూడా కాదు. అది అధికారం ఇచ్చే 'మే'. ఈ తేడా తెలియని పిల్లవాడికి తన సీటుకు ఆధారమైన వాక్యమే సరిగా అర్థం కాదు.

ఇంగ్లీషు లోపల ఏముంది

చరిత్ర చూస్తే 'కెన్' మొదట 'తెలిసి ఉండటం', 'మే' మొదట 'బలం ఉండటం'. తెలిసినవాడు చేయగలడు, బలమున్నవాడు చేయగలడు. అక్కడి నుంచి వీలు, వీలు నుంచి అనుమతి, ఊహ పుట్టాయి. జోన్ బైబీ, రెవెరె పెర్కిన్స్, విలియం పల్యూకా 1994లో అచ్చువేసిన పుస్తకంలో ప్రపంచంలోని ఎన్నో భాషల్లో ఈ మాటలు ఇదే బాట పట్టాయని చూపించారు. సామర్థ్యం ముందు, సంభావ్యత తరువాత. ఇది మనిషి ఆలోచనలోనే ఉన్న దారి కనుక, మన పిల్లలకు ఈ భావాలు కొత్త కావు. పాఠం మొదలుపెట్టే ముందు ఉపాధ్యాయులు గట్టిగా నమ్మవలసిన సంగతి ఇది.

ఎఫ్. ఆర్. పామర్ 1979లోను, జెన్నిఫర్ కోట్స్ 1983లోను ఇంగ్లీషు సహాయక క్రియల మీద తెచ్చిన పుస్తకాలు ఈ రంగానికి పునాదులు. జరిగే పరిస్థితి గురించి మాట్లాడటం వేరు, మన ఊహ గురించి మాట్లాడటం వేరు అని ఇద్దరూ వివరంగా చూపారు. కోట్స్ నిజమైన వాడుకను పోగుచేసి పరిశీలిస్తే, 'మే' ఎక్కువగా ఊహకే వాడుతున్నారని, అనుమతికి వాడటం తక్కువని తేలింది. 1999లో డగ్లస్ బైబర్ బృందం తెచ్చిన లాంగ్‌మన్ వ్యాకరణం దీన్ని బలపరిచింది: మాటల్లో అనుమతికి 'కెన్' చాలు, 'మే' ఎక్కువగా పుస్తకాల్లో, పరిశోధన వ్యాసాల్లో 'ఇలా ఉండవచ్చు' అనడానికి. జెఫ్రీ లీచ్ బృందం 1961 నాటి రాతలనూ 1990ల తొలినాళ్ళ రాతలనూ పోల్చి, బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ 'మే' తగ్గుతోందని, 'కెన్' నిలకడగా ఉందని చూపింది.

మన బడిలో జరుగుతున్నది దీనికి తలకిందులు. తరగతి గుమ్మం దగ్గర 'మే ఐ కమిన్ సార్?' అని నేర్పుతాం. 'మే' అంటే అనుమతి అని మొదటి ముద్ర అక్కడే పడుతుంది. అదే పిల్ల పెద్దయ్యాక పురుగుమందు డబ్బా మీద హాని కలగవచ్చు అనే అర్థంలో, దగ్గు మందు సీసా మీద మగత రావచ్చు అనే అర్థంలో 'మే' చూస్తుంది. అప్పటికి ఆమెకు తెలిసిన 'మే' అనుమతి ఒక్కటే. సింధనూరు వరి పొలాల్లో మందు కొట్టే కుటుంబాలకు ఇది వ్యాకరణ చర్చ కాదు, ఒంటికి సంబంధించిన విషయం.

వచ్చు, బహుదు

తెలుగులో వీలుకూ అనుమతికీ ఒకటే రూపం. 'రేపు వాన రావచ్చు', 'నువ్విక వెళ్ళవచ్చు'. 'వచ్చు' అనేది రావడమనే క్రియ నుంచి పుట్టిందే. కన్నడంలో 'మళె బరబహుదు', 'నీను హోగబహుదు'. ఆ 'బహుదు' కూడా వాళ్ళ 'బరు' క్రియ నుంచి, అంటే రావడం నుంచే వచ్చింది. రెంటికీ వేరు ఒకటే. నైపుణ్యం చెప్పేటప్పుడూ రెండు భాషలూ రావడాన్నే పట్టుకుంటాయి: 'నాకు ఈత వచ్చు', 'ననగె ఈజు బరుత్తదె'. రెండు భాషల్లోనూ ఈ రూపం మనిషిని బట్టి, లింగాన్ని బట్టి మారదు. భద్రిరాజు కృష్ణమూర్తి, జె. పి. ఎల్. గ్విన్ 1985లో రాసిన ఆధునిక తెలుగు వ్యాకరణం, ఎస్. ఎన్. శ్రీధర్ 1990లో రాసిన కన్నడ వ్యాకరణం పక్కపక్కన పెట్టి చదివే ఉపాధ్యాయుడికి సగం పాఠం అక్కడే తయారవుతుంది.

దక్కనీ కూడా ఈ విషయంలో మనకు దగ్గరే. 'సక్తా' ఒక్కటే సామర్థ్యాన్నీ అనుమతినీ వీలునూ మోస్తుంది. వద్దనడానికి మాత్రం 'నక్కో' వేరుగా ఉంది. ప్రపంచ భాషల నిర్మాణ పటం కోసం యోహాన్ వాన్ డెర్ ఆవెరా, ఆండ్రియాస్ అమ్మాన్ చేసిన సర్వేలో ఒకే రూపం పరిస్థితికీ ఊహకూ పనిచేసే భాషలు ఎన్నో కనబడతాయి, యూరప్‌లో మరీ దట్టంగా. స్పానిష్‌లో 'పొదేర్' అనే ఒక్క క్రియ సామర్థ్యం, అనుమతి, వీలు మూడింటికీ సరిపోతుంది. ఈత వచ్చు అనడానికి మాత్రం వాళ్ళు 'సబేర్', అంటే తెలియడమనే క్రియ వాడతారు. మెక్సికో పిల్లకూ మాన్వి పిల్లకూ ఈ పాఠంలో ఎదురయ్యే కష్టం ఒకే జాతిది: ఇంట్లో ఒకటిగా ఉన్నది ఇంగ్లీషులో రెండు మూడు మాటలుగా చీలుతుంది.

ఇంకొక ముఖ్యమైన సంగతి ఉంది. మాట్లాడే తెలుగులో ఊహకు 'వచ్చు' కన్నా 'ఏమో' ఎక్కువ. 'వస్తాడేమో', 'పడుకున్నాడేమో'. కన్నడంలోనూ 'బరుత్తానేనో'. కాస్త నమ్మకం ఉంటే ఉత్త భవిష్యత్తే చాలు: 'ఈపాటికి ఇంటికి చేరి ఉంటాడు'. అందుకే పిల్లలు ఊహను ఇంగ్లీషులో చెప్పవలసి వచ్చినప్పుడు 'మే' వైపు చూడరు. 'ఐ థింక్' అనో 'మేబీ' అనో మొదలుపెట్టి, వెనక మామూలు వాక్యం తగిలిస్తారు. తప్పేమీ లేదు. కానీ రాతలో, ముఖ్యంగా సైన్సు జవాబుల్లో, 'మే' రాకపోతే ఊహ నిశ్చయంగా మారిపోతుంది.

చిక్కంతా 'కాదు' దగ్గర

'రావచ్చు'ను కాదంటే తెలుగులో ఏమవుతుంది? ఒక్క జవాబు లేదు. ఊహ అయితే 'రాకపోవచ్చు'. అనుమతి లేకపోతే 'రాకూడదు', 'రారాదు'. చేతకాకపోతే 'రాలేడు'. అవసరం లేకపోతే 'రానక్కరలేదు'. ఆ మాట నిజమయ్యే వీలే లేదనుకుంటే 'అయ్యుండదు'. ఒక్కటిగా కనబడిన 'వచ్చు' నిరాకరణలో ఇన్ని పాయలుగా విడిపోతుంది. కన్నడమూ అంతే: 'బరదే ఇరబహుదు' లేదా 'బరలిక్కిల్ల' ఊహ, 'బరబారదు', 'బరకూడదు' నిషేధం, 'బరలిక్కె ఆగల్ల' అశక్తత. 'కూడదు' రెండు భాషల్లోనూ అదే రూపంలో, అదే పని చేస్తుంది.

ఇంగ్లీషు తీరు దీనికి పూర్తిగా ఎదురు. అవునన్నప్పుడు విడివిడిగా ఉన్న మాటలు కాదన్నప్పుడు ఒకదానిమీదొకటి పడతాయి. 'మే నాట్' ఒకచోట రాకపోవచ్చు, ఇంకొకచోట రాకూడదు. రూపం ఒకటే, సందర్భమే తేల్చాలి. 'క్యాండిడేట్స్ మే నాట్ యూజ్ కాలిక్యులేటర్స్' అని పరీక్ష పత్రం మీద ఉంటే అది నిషేధం. దాన్ని 'వాడకపోవచ్చు' అని చదివినవాడు, అంటే వాడినా వాడకపోయినా ఫరవాలేదు అనుకున్నవాడు, చిక్కుల్లో పడతాడు. 'కెనాట్' కూడా చేతకాకపోవడం, అనుమతి లేకపోవడం, అయ్యుండదనే గట్టి నమ్మకం మూడింటినీ మోస్తుంది. 'హీ మే నాట్ బీ ఎట్ హోమ్' అంటే ఇంట్లో ఉండకపోవచ్చు. 'హీ కాంట్ బీ ఎట్ హోమ్' అంటే ఇంట్లో ఉండే వీలే లేదు. అవునన్నప్పుడు 'మే'కు 'కెన్' మెత్తని తోబుట్టువులా కనిపిస్తే, కాదన్నప్పుడు రెంటికీ నడుమ పెద్ద దూరం ఉంది.

స్పానిష్ ఇక్కడ మన పక్షాన నిలబడుతుంది. కాదనే మాటను క్రియకు ముందు పెట్టి 'నో పుయెదె వెనీర్' అంటే రాలేడు, రాకూడదు. వెనక పెట్టి 'పుయెదె నో వెనీర్' అంటే రాకపోవచ్చు. తెలుగు ప్రత్యయంతో చేసిన పనిని స్పానిష్ పదాల వరసతో చేస్తోంది. అంటే రెండు చోట్లా నేర్చుకునేవాళ్ళకు ఈ తేడా పుట్టుకతో తెలుసు. తెలియనిది ఇంగ్లీషు దాన్ని ఎక్కడ దాచిందో మాత్రమే.

గడిచిన కాలం, అడిగే తీరు, రాసే ఉత్తరం

నిరాకరణ తరువాత మూడు చోట్ల పొరపాట్లు గుంపుగా కనబడతాయి.

మొదటిది గతం. 'నిన్న బస్సు ఎక్కగలిగాను' అనడానికి 'ఐ కుడ్ క్యాచ్ ద బస్ యెస్టర్‌డే' అని రాస్తారు. ఒక్కసారి జరిగి పూర్తయిన పనికి ఇంగ్లీషు 'వజ్ ఏబుల్ టు' కోరుతుంది. ఎప్పుడూ ఉన్న సామర్థ్యానికే 'కుడ్' సరి. తెలుగులో 'ఎక్కగలిగాను', 'ఎక్కగలిగేవాణ్ణి' అని ఈ తేడా స్పష్టంగా ఉంది. స్పానిష్‌లోనూ 'పుదె', 'పొదీయ' అని ఉంది. ఉన్న తేడాను గుర్తుచేస్తే సరిపోయేదాన్ని కొత్త సూత్రంగా బట్టీ పట్టిస్తున్నాం. అలాగే 'ఒక మాట చెప్పొచ్చు కదా!' అనే నిష్ఠూరం. దీనికి సరైన ఇంగ్లీషు 'యూ కుడ్ హావ్ టోల్డ్ మీ'. ఇది సామర్థ్యం గురించిన వాక్యం కాదని తెలుగు పిల్లకు వేరే చెప్పనక్కరలేదు. ఇంట్లో అమ్మ నోట వింటూనే ఉంటుంది.

రెండోది అడగడం. తెలుగులో అనుమతి అడిగేది 'వచ్చా' అని మాత్రమే కాదు. 'వెళ్ళనా సార్?', 'ఒకటి అడగనా?' అనేదే సహజం. కన్నడంలో 'హోగలా?', 'కేళలా?'. అనుమతి ఇచ్చేటప్పుడు 'వెళ్ళు', 'కూర్చోండి' అని ఉత్త ఆజ్ఞార్థకమే. అందుకే 'సార్, ఐ విల్ గో?' అని వినిపిస్తుంది. ఇది అమర్యాద కాదు. మర్యాద 'అండీ'లోనూ 'సార్'లోనూ ఉంది, క్రియలో లేదు. ఇంగ్లీషులో బహువచనపు 'మీరు' లేదు, 'అండి' లేదు. ఆ బరువు చాలావరకు ఈ క్రియలే మోయాలి. ఈ ఒక్క మాట వివరిస్తే పిల్లలు 'కెన్ ఐ', 'కుడ్ ఐ', 'మే ఐ' మెట్ల వరసను ఇట్టే పట్టుకుంటారు.

మూడోది ఉత్తరం. తెలుగు దరఖాస్తు 'దయతో మంజూరు చేయగలరు' అంటుంది. నోటీసు 'గమనించగలరు' అంటుంది. సామర్థ్యం చెప్పే రూపం మర్యాద రూపమైంది. కన్నడ దరఖాస్తు 'మంజూరు మాడబేకెందు' వేడుకుంటుంది. అక్కడ 'బేకు' తప్పనిసరిని చెప్పే రూపం. మన ఇంగ్లీషు దరఖాస్తు 'లీవ్ మే కైండ్లీ బీ గ్రాంటెడ్' అంటుంది. మూడు భాషల్లో మూడు వేర్వేరు రూపాలు, విన్నపం ఒకటే. పీటర్ ట్రడ్గిల్, జీన్ హన్నా 1982 నాటి పుస్తకంలో భారతీయ ఇంగ్లీషు గురించి రెండు విషయాలు గుర్తించారు: చేయవలసిన పనిని మర్యాదగా చెప్పడానికి 'మే' వాడతారని, 'కెన్' చాలిన చోట మెత్తదనం కోసం 'కుడ్' వాడతారని. ఇవి చెరపవలసిన తప్పులని నేను అనుకోను. మన కార్యాలయాల్లో ఇవి స్థిరపడిన రూపాలు. అయితే 'ద ఫైల్ మే బీ రిటర్న్‌డ్' అన్న వాక్యాన్ని బయటి దేశపు పాఠకుడు అనుమానంగా చదివే ప్రమాదం ఉందని పిల్లలకు తెలియాలి. భారతీయ ఇంగ్లీషును ఇలా వాడుక నుంచే చూడాలన్న పట్టుదలతో కొల్హాపూరు శివాజీ విశ్వవిద్యాలయంలో ఎస్. వి. శాస్త్రి 1978 నాటి రాతలతో పది లక్షల పదాల సంచయం కూర్చారు. ఆ దారి మనకు ఎంతో అవసరం.

బోధన పద్ధతులు ఏమిచ్చాయి

మొదటిది రెన్, మార్టిన్ తరహా వ్యాకరణం. 'కెన్'కు సామర్థ్యం, 'మే'కు అనుమతి అని పట్టిక ఇచ్చి ఖాళీలు పూరించమనేది. క్రమశిక్షణ నేర్పింది, సందర్భం నేర్పలేదు. ఖాళీ పక్కన పరిస్థితి లేకపోతే 'మే', 'కెన్' రెండూ సరిపోతాయి. ఒకటే సరి అని మార్కులు వేయడం పిల్లకు అన్యాయం.

రెండోది పోల్చే పద్ధతి. స్పానిష్ తల్లిదండ్రులకు అమెరికాలో పుట్టిన రాబర్ట్ లాడో 1957లో తెచ్చిన పుస్తకం దీనికి మూలం. ఇంటి భాషనూ కొత్త భాషనూ పక్కపక్కన పెడితే కష్టం ఎక్కడొస్తుందో ముందే తెలుస్తుందన్నాడు. లోటు ఏమిటంటే, ప్రతి తప్పూ ఇంటి భాష నుంచే వస్తుందని నమ్మించింది. 1967లో పిట్ కార్డర్, 1972లో లారీ సెలింకర్ దాన్ని సరిదిద్దారు. నేర్చుకునేవాడు తన సొంత నియమాలు కట్టుకుంటూ పోతాడని, తప్పు ఆ కట్టడానికి ఆనవాలని చూపారు. 'మేబీ హీ మే కమ్' అనే వాక్యం కన్నడం నుంచో తెలుగు నుంచో వచ్చింది కాదు. రెండు సార్లు చెబితే భద్రం అనుకున్న పిల్లవాడి సొంత కట్టడం.

మూడోది బెంగళూరు, మద్రాసుల్లో ఎన్. ఎస్. ప్రభు 1979 నుంచి 1984 వరకు నడిపిన ప్రయోగం. వ్యాకరణం చెప్పకుండా, పటాలు, రైలు వేళల పట్టికల వంటివి ఇచ్చి పనులు చేయించడం. అందులో 'ఈ బండి ఎక్కితే చేరవచ్చా?' వంటి ప్రశ్నకు అర్థం ముందు, రూపం తరువాత. ఈ క్రియలకు ఇంతకన్నా తగిన చోటు లేదు. కానీ ఆ పద్ధతికి పెద్ద తరగతిలోనూ ఓపికగా మాట్లాడించగల ఉపాధ్యాయుడు కావాలి. 'మే నాట్' లాంటి మెలికలు పని మధ్యలో తమంతట తాము బయటపడవు, వేలు పెట్టి చూపాలి.

పై పద్ధతుల్లో పోల్చినవి కూడా నేర్చుకునేవాడికి ఇంటి భాష ఒక్కటే అన్నట్టు నడిచాయి. రాయచూరు పిల్లకు రెండు మూడు ఉన్నాయి. మహారాష్ట్ర సాంగ్లీ జిల్లా కుప్వాడ్‌లో జాన్ గంపర్జ్, రాబర్ట్ విల్సన్ 1971లో ప్రచురించిన పరిశీలన ప్రకారం, తరాలుగా పక్కపక్కన మెలిగిన కన్నడ, మరాఠీ, ఉర్దూల పదాలు వేరుగానే ఉండి వాక్య నిర్మాణాలు దగ్గరయ్యాయి. సరిహద్దు పిల్ల తల అలాంటి చోటే. 'వచ్చు', 'బహుదు', 'సక్తా' ఆమెకు మూడు పాఠాలు కావు, ఒకే పాఠానికి మూడు సాక్ష్యాలు.

ఏం చేయాలి

మొదటి పీరియడ్‌లో కెన్, మే అర్థాల పట్టిక పక్కన పెట్టాలి. బోర్డు మీద 'రాకపోవచ్చు, రాకూడదు, రాలేడు, రానక్కరలేదు, అయ్యుండదు' రాసి, పక్కన కన్నడ రూపాలు పిల్లలతోనే చెప్పించాలి. ఐదింటికీ పరిస్థితులు వాళ్ళే కల్పించాలి. అప్పుడు ఒక్కోదానికీ ఇంగ్లీషులో ఏది నిలుస్తుందో చూపాలి. తేడాలు తమకు ముందే తెలుసని గ్రహించిన పిల్లలకు ఇంగ్లీషు మాట వేసుకోవడం ఒక్కటే మిగులుతుంది.

తరువాత నిజమైన కాగితాలు తేవాలి: మందు సీసా చీటీ, విత్తన సంచి మీది హెచ్చరిక, హాల్ టికెట్ వెనక నియమాలు, 371జె మొదటి వాక్యం. ప్రతి 'మే' దగ్గర ఆగి ఇది ఊహా, అనుమతా, అధికారమా, విన్నపమా అని అడగాలి. జవాబు కన్నడంలో చెప్పినా తెలుగులో చెప్పినా ఒప్పుకోవాలి. అర్థం పట్టుబడిందా అన్నదే చూడాలి. పరీక్ష పత్రం కూర్చేవాళ్ళు ఖాళీతోపాటు ఒక్క వాక్యం సందర్భం ఇవ్వాలి. బెంగళూరులోని ప్రాంతీయ ఇంగ్లీషు సంస్థ, మైసూరులోని భారతీయ భాషల కేంద్ర సంస్థ, హైదరాబాదులోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం మూడూ ఈ జిల్లాకు అందుబాటులోనే ఉన్నాయి. తెలుగు కన్నడ ఇంగ్లీషు మూడింటినీ పక్కపక్కన పెట్టి ఉపాధ్యాయులకు ఒక చిన్న చేతి పుస్తకం తయారు చేయడం వాటికి పెద్ద పని కాదు.

ఇంటి భాషను తరగతి బయట విడిచి రమ్మనే అలవాటు ఇంకా పోలేదు. ఈ నాలుగు క్రియల సమీక్ష నుంచి నాకు గట్టిగా తోచినది, ఆ అలవాటు పిల్లలకు ఎంత నష్టం చేస్తోందన్నదే. ఇంగ్లీషు కలిపేసిన తేడాలను విడదీసి చూపగల భాష తెలుగు, చూపగల భాష కన్నడం. ఆ రెంటినీ మోసుకొచ్చిన పిల్ల తరగతిలో వెనకబడినది కాదు. ఈ పాఠానికి అందరికన్నా సిద్ధంగా ఉన్నది ఆమె. అలా భావించి పాఠం చెప్పే ఉపాధ్యాయులు రాయచూరుకు కావాలి.